ఆచార్య జగదీశచంద్ర బోసుగారు

చేతిఫోను నెఱుగని యిల్లు నేడు మన పల్లెలలో సయితము అరుదు. పట్టణమున చదువుకొను కుమారుడు గ్రామమునందలి తల్లితో ప్రతిదినము మాటలాడుచున్నాడు. ఆమె ముఖమును సయితము చూచుచున్నాడు. అతని చేతిలోని ఫోనునకును, వీధిచివర నిలిచియున్న సెల్ టవరునకును నడుమ ఏ తీగయు లేదు. ఆ దూరమును దాటించునవి కంటికి కనబడని విద్యుత్తరంగములు. 2022 వ సంవత్సరము అక్టోబరు 1 వ తేదీన మన దేశమున ఐదవ తరపు ఫోను ఏర్పాటు, అనగా 5జీ, ఆరంభింపబడెను. దానికొఱకు ప్రభుత్వమువారు ఆ యేడు వేలము వేసిన తరంగములలో, ఇంజనీర్లు మిల్లీమీటరు తరంగములని పిలుచు మిక్కిలి పొట్టి తరంగములును గలవు. ఇవి సరిక్రొత్తవని అనేకులు తలచిరి. కాని వీని జాతికే చెందిన తరంగములను 1895 వ సంవత్సరముననే కలకత్తా కళాశాలలో పుట్టించి, గోడలగుండ పంపి, దూరముననున్న గంటను మ్రోగించిన ఉపాధ్యాయు డొకడు మన దేశమున నుండెను. ఆయనయే ఆచార్య జగదీశచంద్ర బోసుగారు. ఆ మహనీయుని చరిత్రమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును సంగ్రహముగా తెలుపుటకు పూనుకొనుచున్నాము.

జగదీశచంద్రుడు 1858 వ సంవత్సరము నవంబరు 30 వ తేదీన, నేడు బంగ్లాదేశమునందున్న మైమన్‌సింగు పట్టణమున జన్మించెను. తండ్రి భగవాన్‌చంద్ర బోసుగారు ప్రభుత్వోద్యోగి, బ్రహ్మసమాజస్థులు, పేదలకు చేతిపనులు నేర్పించుటయందును, దేశమున పరిశ్రమలు నెలకొల్పుటయందును ధనమును లెక్కచేయక వ్యయపఱచినవారు. అందుచేత ఆయనకు కీర్తితోపాటు ఋణములును మిగిలినవి. ఆ కాలమున ఉద్యోగస్థులు తమ పిల్లలను ఇంగ్లీషు పాఠశాలలకు పంపుట గౌరవమని తలచుచుండిరి. భగవాన్‌చంద్రులు మాత్రము తమ కుమారుని ఫరీద్‌పూరునందలి బంగాళీ పాఠశాలకు పంపిరి. బాలుడు మొదట మాతృభాషను నేర్చి, తన ప్రజల నెఱిగి, పిమ్మట పరభాషను నేర్వవలెనని వారి నిశ్చయము.

ఆ పాఠశాలలో జగదీశచంద్రునకు కుడిప్రక్కన తండ్రిగారి మహమ్మదీయ బంట్రోతు కుమారుడును, ఎడమప్రక్కన ఒక జాలరి కుమారుడును కూర్చుండెడివారు. వారు చెప్పు పక్షుల కథలను, మృగముల కథలను, నీటిలోని జీవుల కథలను బాలుడు చెవులొగ్గి వినుచుండెను. ప్రకృతిని పరిశీలింపవలెనను కోరిక తనకు అచ్చటనే అంకురించినదని ఆయన పెద్దవాడైన పిమ్మట చెప్పుకొనెను. బడి విడిచిన తరువాత ఈ స్నేహితులందఱును ఇంటికి వచ్చినప్పుడు, ఆచారవంతురాలైన తల్లి ఏ భేదమును పాటింపక అందఱకును సమానముగ తినుటకు పెట్టుచుండెను. మాతృభాషలో చదివినయెడల బిడ్డ వెనుకబడునేమో యని భయపడు తల్లిదండ్రులు ఈ సంగతిని ఒకింత ఆలోచింతురుగాక.

పదునొకండవ యేట కలకత్తా చేరి, మొదట హేరు పాఠశాలలోను, పిమ్మట సెంట్ జేవియరు పాఠశాలలోను, అదే పేరుగల కళాశాలలోను ఆయన చదివెను. ఆ కళాశాలలో బెల్జియము దేశీయుడైన లాఫోఁ అను జెసూటు ఫాదిరిగారు భౌతికశాస్త్రమును బోధించుచుండిరి. వారు పుస్తకమును వల్లెవేయించు గురువు గారు; బల్లమీద పరికరములనుంచి, విద్యార్థుల కన్నులయెదుట ప్రయోగముచేసి చూపిన పిమ్మటనే సూత్రమును చెప్పువారు. జగదీశచంద్రునకు భౌతికశాస్త్రముపై ప్రేమ పుట్టుట ఈ గురువుగారివలననే. ఒక మంచి ఉపాధ్యాయుడు చూపిన ఒక ప్రయోగము, శిష్యుని యావజ్జీవితమును ఏ త్రోవకు త్రిప్పునో ఎవరు చెప్పగలరు?

1879 లో బి. ఏ. పట్టము పొందిన పిమ్మట సివిలు సర్వీసు పరీక్షకై ఇంగ్లండునకు పోవలెనని కుమారుడు కోరెను. తండ్రి దాని కిష్టపడలేదు. ఇతరులపై అధికారము చేయుటకంటె తన్ను తాను పాలించుకొను విద్వాంసుడగుట మేలని ఆయన తలంపు. కడకు వైద్యవిద్య నభ్యసించుటకు 1880 లో జగదీశచంద్రుడు లండను చేరెను. కాని స్వదేశమున పట్టిన జ్వరము అచ్చటను విడువలేదు. శవములను కోయు గదిలోని వాసనకు అది ఎక్కువయ్యెను. అందుచేత వైద్యము విడిచి, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్సు కళాశాలలో ప్రకృతిశాస్త్రములను చదువుటకు చేరెను. అచ్చట లార్డు రేలీ అను మహాశాస్త్రజ్ఞుడు ఆయనకు గురువయ్యెను. కేంబ్రిడ్జి, లండను విశ్వవిద్యాలయముల పట్టములతో ఆయన 1885 నాటికి స్వదేశమునకు తిరిగివచ్చి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులుగా నియమింపబడిరి.

ఇచ్చటనే బోసుగారి జీవితమునందలి మొదటి పరీక్ష వచ్చినది. ఆ దినములలో ఒకే పనికి ఐరోపీయునకు ఒక జీతమును, హిందూదేశీయునకు అందు మూడింట రెండు వంతులును ఇచ్చు నియమ ముండెను. బోసుగారి ఉద్యోగము తాత్కాలికమను కారణమున ఆ రెండు వంతులలో సగమే, అనగా ఐరోపీయుని జీతములో మూడవవంతే, ఇచ్చెదమని అధికారులు నిర్ణయించిరి. బోసుగారు కోపపడి ఉద్యోగము విడువలేదు; బిగ్గరగా తగవులాడలేదు; పనిని తగ్గింపనులేదు. ప్రతిదినము కాలమునకు వచ్చి పాఠములు చెప్పిరి. నెల ముగియగానే జీతమును మాత్రము ముట్టక త్రిప్పిపంపిరి. ఇట్లు ఒక నెల గాదు, రెండు నెలలు గాదు, మూడు సంవత్సరములు గడచినవి.

తండ్రికి ఋణములున్నవి, ఇంట సంపాదించువాడు తానొక్కడు, ఆ నడుమనే, 1887 లో, వివాహమును జరిగినది. భార్య అబలాదేవిగారు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించిన విదుషీమణి. ఆ దంపతులు కలకత్తాలో ఇంటి అద్దె నిచ్చుకొనలేక, హుగ్లీనదికి ఆవలనున్న చందర్‌నగరున కాపురముండి, పడవమీద నది దాటుచుండిరి. ఆ కష్టము నామె తన కష్టముగ నెంచి, భర్త పట్టుదలకు ఊతయై నిలిచెను. కడకు అధికారులు ఆయన బోధనా సామర్థ్యమును, ఆయన శీలమును గుర్తించి, పూర్తి జీతమును, అదియును మొదటి దినమునుండి లెక్కకట్టి, ఒక్కసారి యిచ్చిరి. ఆ ధనమును బోసుగారు తండ్రిగారి ఋణములు తీర్చుటకు వినియోగించిరి. ఉపాధ్యాయవృత్తియందున్న మాకు ఈ ఘట్టము మిక్కిలి ప్రియమైనది. తన గౌరవముకొఱకు పోరాడినవారు లోకమున పెక్కురు గలరు. ఆ పోరాటమున తన విద్యార్థులకు ఒక్క పాఠమైనను నష్టము కాకుండ చూచినవారు అరుదు.

ఇక ఆయన పరిశోధనలను చెప్పుటకు ముందు, తంతిలేని వార్తయొక్క పూర్వకథ కొంచెము తెలియవలెను. వెలుతురు, విద్యుత్తు, అయస్కాంతము ఒకే కుటుంబమునకు చెందినవనియు, విద్యుత్తరంగములు వెలుతురు వేగముతో ఆకాశమున పోవలెననియు స్కాట్లండు దేశీయుడైన మాక్స్‌వెల్లు 1860 లలో లెక్కలచేత నిరూపించెను. కాని ఆ తరంగమును ఎవరును చూచియుండలేదు. 1887, 1888 సంవత్సరములలో జర్మనీ దేశీయుడైన హెర్ట్జు, లోహపు గుండ్లనడుమ నిప్పురవ్వలు దుమికించి, ఆ తరంగములను నిజముగ పుట్టించి పట్టుకొనెను. ఆయన 1894 వ సంవత్సరము జనవరి 1 వ తేదీన, ముప్పదియాఱేండ్ల ప్రాయముననే మరణించెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండున ఆలివరు లాడ్జి అను పండితుడు హెర్ట్జు చేసిన పనినిగూర్చి ఉపన్యసించెను. అది అచ్చుపడి దేశదేశములకు పోయి, అనేకుల హృదయములలో ఉత్సాహమును రగిల్చెను. ఆ యేడే ముప్పదియాఱవ జన్మదినమున బోసుగారు తమ శేషజీవితమును పరిశోధనకు అర్పించుటకు నిశ్చయించుకొనిరి.

హెర్ట్జు తరంగములు పొడవైనవి. ఒక్కొక్కటి కొన్ని గజములు మొదలు రెండడుగులవఱకు నుండెను. వెలుతురువలె ఇవియు వంగునా, అద్దమునకు తగిలి మఱలునా, స్ఫటికములగుండ పోవునపుడు మార్పు చెందునా యని పరీక్షింపవలెనన్నచో, తరంగముకంటె పెద్ద అద్దములు, పెద్ద పట్టకములు, పెద్ద స్ఫటికములు కావలెను. అంత పెద్దవి ఎచ్చట దొరకును? అందుచేత పరికరమును పెంచుటకు మాఱుగా తరంగమునే తగ్గింపవలెనని బోసుగారు తలపోసిరి. సముద్రపు అల ఒక చిన్న రాతిని లెక్కచేయక దాటిపోవును. కుంటలోని చిన్న అల ఆ రాతికే తగిలి వెనుకకు మఱలును. ఈ చిన్న విషయమే వారి పరిశోధనకు మూలము. వారు కడకు 5 మిల్లీమీటర్ల తరంగమును, అనగా ధాన్యపు గింజయంత పొడవుగల తరంగమును, పుట్టించిరి. ఇట్టివి ఒక సెకండునకు 6000 కోట్ల పర్యాయములు కంపించును. నేటి యింజనీర్లు దీనినే 60 గిగాహెర్ట్జులని చెప్పుదురు.

ఈ పని జరిగిన చోటు ఎట్టిదో మా విద్యార్థులు వినవలెను. కళాశాలలో పరిశోధనకై ఏర్పఱచిన శాల లేదు. ఒక చిన్న గది మాత్రము దొరకినది. శాస్త్రపరికరములు చేయుటలో తరిఫీదు లేని ఒక రేకుపనివానిని చేరదీసి, వానికి తామే నేర్పుచు, తమ జీతమునుండి ఖర్చు పెట్టుచు పరికరములను చేయించిరి. తరంగములను ఒకచోటికి కూర్చుటకు గాజు కటకమునకు బదులు గంధకముతో కటకమును పోతపోయించిరి. తరంగపు కంపనములు ఒకే దిక్కున నున్నవా యని పరీక్షించుటకు బ్రాడ్‌షా అను రైలు వేళల పుస్తకమును తీసికొని, దాని పుటల నడుమ తగరపు రేకులు చొప్పించిరి. ఆ పుస్తకము ఒకవైపుగా పట్టినప్పుడు తరంగములను పోనిచ్చును, అడ్డముగ త్రిప్పినప్పుడు ఆపివేయును. పురిపెట్టిన జనుమును సయితము తరంగపు మార్గమున నుంచి, అది కంపనపు దిక్కును ఎట్లు త్రిప్పునో కనుగొనిరి. రైలు పుస్తకము, జనుము, గంధకము, తగరపు రేకు: ఇవి ప్రయోగశాల సామానులా యని అడుగువారు గలరు. చూచు కన్నులున్నచో ఇవియే ప్రయోగశాల.

తరంగమును పుట్టించుట సగము పని. దానిని పట్టుకొనుట మిగిలిన సగము. ఆ దినములలో ఇనుపరజను నింపిన గాజుగొట్టమును వాడుచుండిరి. తరంగము తగిలినప్పుడు రజను ఒకదానికొకటి అంటుకొని విద్యుత్తును పోనిచ్చును. కాని ప్రతిసారియు గొట్టమును తట్టి, రజనును విడదీయవలెను. ఇది నమ్మదగిన పనిముట్టు కాదు. బోసుగారు రజనుకు బదులు సన్నని ఉక్కు స్ప్రింగులను ప్రక్కప్రక్కన పేర్చి, అవి ఒకదానినొకటి తాకుచోట్ల తరంగమును పట్టు ఏర్పాటు చేసిరి. 1899 లో మఱియొకటి కనుగొనిరి: చిన్న గిన్నెలో పాదరసము పోసి, దానిపై సన్నని నూనెపొర నుంచి, ఆ పొర తెగకుండ ఇనుపబిళ్లను తాకునట్లు దించి, దానికి టెలిఫోను చెవిగొట్టమును తగిలించిరి. తట్టుటతో పనిలేకయే తరంగము వచ్చినప్పుడెల్ల చెవికి ధ్వని వినబడును. దీనిని వారు రాయల్ సొసైటీకి నివేదించిరి.

1895 లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనము మిక్కిలి ప్రసిద్ధమైనది. ఒక గదిలో తరంగములను పుట్టించిరి. నడుమ రెండు గోడలు. 75 అడుగుల దూరమున ఒక గంటయు, కొంచెము తుపాకిమందును ఉంచబడినవి. ఇచ్చట మీట నొక్కగానే అచ్చట గంట మ్రోగెను. మందు అంటుకొని ప్రేలెను. నడుమ తీగ లేదు, మనుష్యుడు లేడు. చూచినవారి ఆశ్చర్యమునకు మేర లేకపోయెను. ఆ సంవత్సరముననే బంగాళ ఏషియాటిక్ సొసైటీలో వారి మొదటి శాస్త్రవ్యాసము చదువబడెను. మఱుసటి సంవత్సరము లండను విశ్వవిద్యాలయమువారు వారికి డాక్టరు పట్టము నిచ్చిరి. 1897 జనవరి 29 వ తేదీన లండనునందలి రాయల్ ఇన్స్టిట్యూషనులో, ఆ శాస్త్రవేత్తల యెదుట, కలకత్తా రేకుపనివాడు చేసిన చిన్న పెట్టెను బల్లమీద పెట్టి, దాని నిర్మాణమును దాపరికము లేక విప్పి చెప్పిరి. ధనము సంపాదింపదగిన యీ రహస్యమును ఇట్లు బహిరంగపఱచుట యేమని ఇంగ్లండునందలి ఒక విద్యుత్పత్రిక ఆశ్చర్యపడెను.

ఆ కాలముననే ఇటలీ దేశీయుడైన మార్కోనీ యువకుడు ఇంగ్లండునకు వచ్చి, తంతిలేని వార్తకు 1896 లో పేటెంటు పొంది, కంపెనీని స్థాపించెను. 1901 డిసెంబరు 12 వ తేదీన ఇంగ్లండునుండి పంపిన సంకేతమును అట్లాంటిక్ సముద్రమున కావలనున్న న్యూఫౌండ్‌లండున విన్నట్లు ఆయన ప్రకటించెను. అప్పుడు ఆయన వాడిన పాదరస గ్రాహకము ఇటలీ నౌకాదళమువారినుండి వచ్చినది. బోసుగారు 1899 లో ప్రకటించిన పరికరమునకును దానికిని గల పోలికను 1990 లలో ఇంజనీర్లు విపులముగ చర్చించిరి. ఐనను మేము ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. ఒకరిని గొప్పవారిని చేయుటకు మఱియొకరిని చిన్నవారిని చేయనక్కఱలేదు. మార్కోనీ పొడవైన తరంగములను గ్రహించి, దూరదేశములకు వార్త నంపు పనిని సాధించెను. 1912 లో టైటానికు ఓడ మునిగినప్పుడు ఏడువందలకు మించిన ప్రాణులు దక్కుట తంతిలేని వార్తవలననే. అది ధనము, వ్యాపారము, పట్టుదల కూడినగాని జరుగని పని. బోసుగారు కోరినది వేఱు: ప్రకృతి రహస్యమును తెలిసికొని, తెలిసినదానిని అందఱకు పంచుట. పొట్టి తరంగము దూరము పోదు. కావున ఆనాటి వర్తకులకు దానితో పని లేకపోయెను.

1901 లో లండనునందుండగా ఒక తంతికంపెనీ యజమాని ఆయనవద్దకు వచ్చి, ఆ కొత్త గ్రాహకమునకు పేటెంటు పుచ్చుకొనుమనియు, ధనము తాను పెట్టి లాభమున సగము తీసికొందుననియు బ్రతిమాలెను. బోసుగారు తిరస్కరించిరి. ధనాశ యను చక్రమున ఒకమాఱు చిక్కినచో బయటపడుట లేదను భయమును వారు తమ మిత్రులైన రవీంద్రనాథ టాగూరుగారికి ఉత్తరమున తెలియజేసిరి. పిమ్మట మిత్రులైన సారా బుల్ అను అమెరికా దేశీయురాలును, సోదరి నివేదితయు పట్టుబట్టగా, గెలీనా అను సీసపు ఖనిజముతో చేసిన గ్రాహకమునకు అమెరికాలో దరఖాస్తు పెట్టబడెను. 1904 మార్చి 29 వ తేదీన ఆ పేటెంటు వచ్చినది. బోసుగారు దానినుండి ఒక్క రూపాయి నైనను గడింప ప్రయత్నింపలేదు. నేటి ఫోనులకు, కంప్యూటర్లకు ప్రాణమైన అర్ధవాహక పదార్థముతో చేసిన పరికరములకు లభించిన పేటెంట్లలో ఇది మొట్టమొదటి దని చెప్పుదురు. ఆ శాస్త్రమున నోబెలు బహుమానము పొందిన నెవిలు మాట్ అను ఆంగ్ల పండితుడు, బోసుగారు తమ కాలమునకు అఱువది సంవత్సరములు ముందున్నవారని అభిప్రాయపడెను.

పేటెంటును నిరాకరించుట ఒప్పా తప్పా యని మా పైతరగతుల విద్యార్థులు తఱచు వాదించుకొందురు. ధనము వచ్చియున్నచో మన దేశమున మఱికొన్ని ప్రయోగశాలలు లేచియుండునని కొందఱందురు. అది తోసివేయదగిన మాట కాదు. కాని మూడేండ్లు జీతమును ముట్టనివారును, పేటెంటును వలదన్నవారును ఒక్కరే యను సంగతిని మఱువరాదు. న్యాయముగ తనకు రావలసిన జీతమును వారు చివరి రూపాయివఱకు పుచ్చుకొనిరి. ఏలయనగా అది తన జాతి గౌరవమునకు సంబంధించినది. జ్ఞానమును మాత్రము అమ్ముకొనలేదు. ఏలయనగా అది తమ యొక్కరి సొత్తని వారు తలపలేదు. ధనమును నిరాకరించుట గొప్ప గాదు. దేనికి వెల కట్టవచ్చునో దేనికి కట్టరాదో తెలిసికొనుట గొప్ప.

1900 నాటికి బోసుగారి మనస్సు మఱియొక వైపునకు తిరిగెను. వారి గ్రాహకములు ఎక్కువసేపు పనిచేసినప్పుడు అలసినట్లు మందగించి, విశ్రాంతి యిచ్చినచో తేఱుకొనుచుండెను. జీవముగల కండరము అలసటయు ఇట్టిదే గదా యని వారికి తోచినది. ఆ యేడు పారిసు నగరమున జరిగిన భౌతికశాస్త్ర మహాసభలో ఈ పోలికను ప్రకటించిరి. ఇంగ్లండునందలి శరీరశాస్త్రజ్ఞులు దానిని అంగీకరింపలేదు. రాయల్ సొసైటీవారు వ్యాసమును అచ్చువేయక నిలిపివేసిరి. బోసుగారు అధైర్యపడక, మొక్కల చలనమును, పెరుగుదలను కొలుచు సున్నితమైన పరికరములను నిర్మించిరి. అందు క్రెస్కోగ్రాఫ్ అనునది మొక్కయొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపెను. వారి సిద్ధాంతములలో కొన్నింటిని పండితులు నేటికిని ఒప్పుకొనరు. వారి కొలతల సూక్ష్మతను మాత్రము అందఱును మెచ్చుకొందురు. 1920 లో అదే రాయల్ సొసైటీ వారిని తన సభ్యునిగా చేర్చుకొనెను.

1915 లో కళాశాలనుండి విరమించిన పిమ్మట, 1917 నవంబరు 30 వ తేదీన, తమ జన్మదినముననే, కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించిరి. అచ్చట కనుగొనబడిన దేదియు పేటెంటు కాక, లోకమునకెల్ల చెందవలెనని ప్రతిష్ఠాదినముననే ప్రకటించిరి. ఆ సంవత్సరముననే వారికి సర్ బిరుదము లభించెను. అబలాదేవిగారు 1919 లో నారీ శిక్షా సమితిని నెలకొల్పి, బాలికల విద్యకును, వితంతువుల పోషణమునకును పాటుపడిరి. బోసుగారివద్ద చదివినవారిలో మేఘనాద సాహా, సత్యేంద్రనాథ బోసు అను జగత్ప్రసిద్ధులు గలరు. వారి చెంత కొంతకాలము పనిచేసిన శిశిరకుమార మిత్రగారు పిమ్మట కలకత్తా విశ్వవిద్యాలయమున రేడియో పరిశోధనకు పునాది వేసిరి.

1937 జులై 20 వ తేదీన మార్కోనీ మరణింపగా, అనేక దేశములలోని రేడియో కేంద్రములు రెండు నిమిషములు మౌనము వహించినవి. నాలుగు మాసములు గడచిన పిమ్మట, నవంబరు 23 వ తేదీన, నేటి ఝార్ఖండు రాష్ట్రమునందలి గిరిడి పట్టణమున బోసుగారు తనువు చాలించిరి. ఎనుబదియవ యేడు ప్రవేశించుటకు అప్పటికి ఒక్క వారమే కొఱతగ నుండెను.

వారు పుట్టించిన పొట్టి తరంగములను లోకము సుమారు అర్ధశతాబ్దము మఱచియుండెను. నేడు వానికి మరల అవసరము ఎట్లు కలిగినదో చెప్పి ఈ వ్యాసమును ముగింతుము. పొడవైన తరంగము దూరము పోవును గాని, తక్కువ వార్తను మోయును. పొట్టి తరంగము దూరము పోలేదు. గోడలు, చెట్ల ఆకులు, వాన దానిని బలహీనపఱచును. కాని అది మోయగల వార్త అపారము. లక్షలకొలది జనులు ఒకేచోట ఫోనులు పట్టుకొని, బొమ్మలను, చలనచిత్రములను పంపుకొను ఈ కాలమున పొడవైన తరంగములకు చోటు చాలక పోయినది. బాట ఇరుకై, బండ్లు ఎక్కువైనట్లయినది. అందుచేత ఇంజనీర్లు పొట్టి తరంగములను వెదకి, దగ్గఱదగ్గఱగ చిన్న కేంద్రములను నిలిపి, చిన్న ఆంటెనాలను వరుసలుగా పేర్చి, తరంగమును కావలసిన దిక్కునకే పంపు ఉపాయములు పన్నిరి. బోసుగారు వాడిన 60 గిగాహెర్ట్జుల తరంగమే నేడు గదిలోపలి పరికరములను తీగలేక కలుపు ఏర్పాట్లలో పనిచేయుచున్నది. వారు తమ గొట్టముచివర అమర్చిన బూరవంటి ఆంటెనా ఇంజనీర్ల చేతిలో నేటికిని పనిముట్టుగ నున్నది. 2012 లో అమెరికా కేంద్రముగాగల విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థవారు, 1895 నాటి ప్రయోగమును చరిత్రలో మైలురాయిగ గుర్తించి, ప్రెసిడెన్సీ విద్యాలయమున ఫలకమును ప్రతిష్ఠించిరి.

విద్యార్థులారా! మీ పాఠశాలలో గొప్ప పరికరములు లేవని, ప్రయోగశాల చిన్నదని చింతింపకుడు. చిన్నగదియు, రేకుపనివాడును, రైలు పుస్తకమును ఉన్నచోట ఎట్టి పని జరిగినదో వింటిరి గదా. మీరు నేర్చినదానిని దాచుకొనక ప్రక్కవానికి చెప్పుడు. మీకు న్యాయముగ రావలసినదానిని అడుగుడు. అడుగుచునే మీ పనిని శ్రద్ధతో చేయుడు. ఎవరికిని అక్కఱకు రాదని ఈనాడు లోకము విడిచిన సత్యమును మీరు నిజమని యెఱిగినయెడల విడువకుడు. దాని దినము నూఱేండ్లకైనను వచ్చును.